కదిరమ్మ బురుజు

నీళ్ళకడవ నెత్తిన పెట్టుకుని గుట్ట దిగి వస్తున్న మారెక్కకు వాడ మొదట్లోనే గంగాధరప్ప అయివారు ఎదురైనాడు. సైకిలుకు స్టాండు వేసి, ఎండకు తువ్వాలు తలకు చుట్టుకుని, ఆమె కోసమే నిలబడి ఉన్నాడు. కరిగుట్ట హైస్కూల్లో సోషలు చెప్పే ఆయన వాడలోకి రావడమే అరుదు. వచ్చినా పిల్లోళ్ళు బడికి రావడం లేదని తిట్టేకి వస్తాడు. మారెక్కకు బడికి పంపే పిల్లలు లేరు. పుట్టినవాళ్ళు ఒక్కరూ నిలవలేదు.

"మారెక్కా, కోటలో మూడు దినాలు పండగ మాదిరి చేస్తాండాం," అన్నాడాయన. "అనంతపురం నుంచి కాలేజీ మేడం వస్తాది. కోట ఎట్ల కట్టినారో, గార ఎట్ల నూరినారో, రాయి ఎట్ల చీల్చినారో అన్నీ పిల్లోళ్ళకు చేసి చూపిస్తారు. చుట్టుపక్కల ఊర్లోళ్ళు కూడా వస్తారు. కదిరమ్మ కథ నువ్వు చెప్పల్ల."

"నేనా? అంతమందిలోనా?"

"మైకులో."

మారెక్క పకపకా నవ్వింది. కడవ కదిలి నీళ్ళు ఆమె భుజం మీద చిందినాయి. ఆ చిందిన నీళ్ళకు వెంటనే నవ్వు ఆపేసింది. ఆ దినాల్లో చుక్క కూడా నేలపాలు చేసేవాళ్ళు లేరు.

ఎనభై ఐదో సంవత్సరం అది. వరసగా వానల్లేవు. శెనక్కాయ చెట్లు మట్టిలోకి ఊడ దిగి కాయ పట్టకముందే మాడిపోయినాయి. ఊరి బావిలో బురద కూడా ఎండి పగుళ్ళిచ్చింది. బోరింగు ఎంత కొట్టినా గాలి తప్ప ఏమీ రాదు. గొర్రెలున్నవాళ్ళు గొర్రెల్ని తోలుకుని కన్నడసీమలోకి పోయినారు. నీళ్ళంటూ మిగిలింది గుట్ట మీద కోటలోనే. రెండు పెద్ద బండల మధ్య ఎండ తగలని లోతులో నీళ్ళు నిలిచే గుంత ఒకటుంది, దాన్ని దొన అంటారు.

ఆ దొనలో మొదటి కడవ వాడవాళ్ళది. ఊరి బావి కాడ వాళ్ళు ఎడంగా నిలబడి, ఎవరైనా దయతలిచి పోస్తే పట్టుకునేవాళ్ళు. దొన కాడ మాత్రం సొంత చేతుల్తో ముంచుకుంటారు, అదీ అందరికంటే ముందు. పెద్దింటి ఆడవాళ్ళయినా సరే, వాడ కడవలు నిండి పక్కకు తొలిగేదాకా కాచుకోవాల్సిందే. అది కదిరమ్మ ఇప్పించిన హక్కు.

కథ ఊర్లో అందరికీ తెలుసు. పాలెగాడు కోట కట్టిస్తుంటే ఉత్తరం బురుజు ఎన్నిసార్లు లేపినా కూలిపోయిందంట. మనిషిని ఇస్తే గానీ నిలవదని గుట్ట మీది దేవత గుట్టమ్మ పాలెగాడి కలలో చెప్పిందంట. ఎవరూ ముందుకు రాకపోతే, వాడలో కొత్తగా కాపురానికి వచ్చిన కోడలు కదిరమ్మ "నేను పోతా" అనిందంట. తలకు పోసుకుని, కొత్త చీర కట్టుకుని, చేతుల నిండా పచ్చగాజులు తొడుక్కుని, నవ్వుతా పోయి గోడలో నిలబడిందంట. ఆమె చుట్టూ రాళ్ళు పేర్చినారు. బురుజు నిలిచింది. పాలెగాడు కండ్లనీళ్ళు పెట్టుకుని, సూర్యచంద్రులు ఉన్నన్నాళ్ళూ దొనలో మొదటి కడవ మీ వాడదేనని మాట ఇచ్చినాడంట.

కదిరమ్మ మెట్టినిల్లు మారెక్క మొగుడు నాగప్ప వాళ్ళది. అందుకే దసరాకు బురుజు కాడ దీపం పెట్టేది ఆ ఇంటి కోడలే. ఆ ఒక్కదినం పెద్దింటి నుంచి చీర వస్తుంది. ఆ ఇంటి పెద్ద శ్రీరంగప్ప పెండ్లామే వచ్చి మారెక్క నొసట కుంకుమ పెట్టి చేతులు జోడిస్తుంది. తెల్లారితే మళ్ళీ ఆమె వాకిట్లోనే మారెక్క చెప్పులు చేతిలో పట్టుకుని నడవాలి. అయినా ఆ ఒక్కదినం మారెక్కకు యేడాదంతా సరిపోతుండేది.

అయివారు అడిగిన సంగతి ఇంట్లో చెప్పేసరికి అత్త పెద్దక్క నులకమంచం మీదనుంచి తల తిప్పింది. చూపు దాదాపు పోయిన మనిషి. "మైకులో ఎందుకమ్మీ? దసరాకు చెప్పుకుంటాం, సాలదా?"

"అయివారు వాడలోకి వచ్చి అడిగినాడత్తా. కాదంటే బాగుంటాదా?"

ముసలామె మళ్ళీ కప్పు వైపు తిరిగింది. "సరే, చెప్పు. ఒక్క మాట కూడా మార్చగాకు. నవ్వుతా పోయిందనేది గట్టిగా చెప్పు," అనింది.

నవంబరులో పండగ మొదలైంది. కోట వాకిలికి గుడ్డ బేనరు కట్టినారు. షామియానా, మైకుసెట్టు, వచ్చినవాళ్ళకు అన్నాలు, అంతా పెద్దింటి శ్రీరంగప్ప ఖర్చు. సర్కారు మునసబు పదవుల్ని తీసేసినా ఊర్లో ఆయన ఇంకా మునసబే. పాలెగాడి వంశం మాదేనని చెప్పుకునే ఇల్లు అది. కోటకు ఏ బోర్డూ లేకపోయినా, ఆ కోట ఎవరిదంటే ఊరు ఆయన పేరే చెబుతుంది.

అనంతపురం నుంచి వచ్చిన లక్ష్మీదేవమ్మ కాలేజీలో చరిత్ర చెప్పే మనిషి. సన్నగా, నేత చీరలో, ఎండకు మొహం కందిపోయి, అలుపు లేకుండా గుట్టంతా తిరిగింది. కోట వాకిట్లో పాత గానుగకు ఎద్దును కట్టించి, సున్నమూ ఇసుకా బెల్లపునీళ్ళూ పోసి గార నూరించింది. రాళ్ళు కొట్టేవాళ్ళని పిలిపించి, బండకు వరసగా గుంటలు చేసి ఎట్ల చీలుస్తారో పిల్లోళ్ళతోనే సుత్తి పట్టించి చూపించింది. ఇండ్లలోని పాత కొలపాత్రలు, చిలుము పట్టిన కత్తి, రాగి చెంబులు తెచ్చి మంచాల మీద పరిచినారు. నీళ్ళు లేని ఊరికి నవ్వుకునేకి ఏదో ఒకటి దొరికినట్లయింది. పక్క ఊర్లనుంచి కూడా జనం వచ్చినారు. అన్నం పెడతారని వచ్చినవాళ్ళే ఎక్కువ, అది అందరికీ తెలుసు.

మధ్యాన్నం మారెక్కను పిలిచినారు. లక్ష్మీదేవమ్మ తన పక్కన కుర్చీ చూపించి "కూర్చోండి మారెక్కా" అనింది. మారెక్క కుర్చీ వైపు చూసింది, శ్రీరంగప్ప వైపు చూసింది. ఆయన కూడా తల ఊపినాడు. అంచు మీద కూర్చుని మైకు పట్టుకుంది. కథ దానంతట అదే వచ్చింది. తలకు పోసుకున్నది, గాజులు తొడుక్కున్నది, మొగుడి కాళ్ళకు మొక్కింది, నవ్వుతా పోయి నిలబడింది. "నా మీద రాయి పెట్టండప్పా, మీ బిడ్డలు సల్లగుండాల" అనింది. చివరికొచ్చేసరికి ముందువరసలో ఉన్న ఆడవాళ్ళు కొంగులు కండ్లకు అడ్డం పెట్టుకున్నారు. మేడం కూడా కండ్లద్దాలు తీసి తుడుచుకుంది.

సాయంత్రం నాగప్ప ఆమెను చూసి, "గొంతు బాగుంటాది నీది, నాకే తెలీలేదు," అన్నాడు. పెండ్లయిన ఇన్నేండ్లలో అతను ఆమెను మెచ్చుకున్న మాట అదే మొదటిది అనిపించింది ఆమెకు.

రెండో దినం పొద్దున మేడం మారెక్క దగ్గరికి వచ్చింది. బురుజు అడుగున కొన్ని రాళ్ళు ఎప్పుడో జారిపోయి లోపలి మట్టి బయటపడిన చోటు ఒకటుంది. అక్కడ చిన్నగుంత తీసి, భూమిని పొర తరవాత పొర ఎట్ల తీయాలో, దొరికిన పెంకును ఎట్ల చూడాలో పిల్లలకు నేర్పించాలని ఆమె ఆలోచన. "శ్రీరంగప్పగారు సరే అన్నారు. కానీ అది మీ కదిరమ్మ చోటు. మీరు వద్దంటే వేరే చోట తవ్వుతాం."

తనను ఒకరు అనుమతి అడగడం మారెక్కకు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనంత గొప్పగా అనిపించింది. "తవ్వండమ్మా. ఆడేముంటాది? ఆమె దేవతై పోయింది గదా," అనింది.

టెంకాయ కొట్టి, తానే మొదటి చేటెడు మట్టి ఎత్తి పక్కన పోసింది. తర్వాత వంటల కాడ గిన్నెలు తోమేకి పోయింది. పొద్దు నడినెత్తిన ఉండగా గంగాధరప్ప అయివారు ఆమె దగ్గరికి వచ్చినాడు. మొహంలో నెత్తురు లేదు. "మేడం పిలుస్తాంది," అని మాత్రం అన్నాడు.

పిల్లలందరినీ బొమ్మలు గీసేకి షామియానా కిందికి పంపించేసినారు. బురుజు కాడ మేడం ఒక్కతే, గుంతలో మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. చేతిలో చిన్న కుంచె. మారెక్క వంగి చూసింది.

రాళ్ళ సందులో ఎముకలు మట్టి రంగులో ఉన్నాయి. మొదట వేర్లేమో అనుకుంది. చేతి ఎముక పక్కన పచ్చగాజు ముక్కలు మెరుస్తున్నాయి. ఆ గాజులు చూసి మారెక్క రెండు చేతులూ జోడించి "తల్లీ" అనింది. కథ నిజమే. ఇన్ని తరాలుగా చెప్పింది నిజమే. ఆమె గుండె నిండిపోయింది.

"మారెక్కా, ఇటు చూడండి," అనింది మేడం. గొంతు తగ్గించి, మెల్లగా.

రెండు కాళ్ళ ఎముకలకూ తుప్పు పట్టిన ఇనుపకట్లు ఉన్నాయి. రెండు కట్లనీ కలుపుతూ బొటనవేలు మందం కడ్డీ ఒకటుంది. మారెక్కకు ఎవరూ ఏమీ చెప్పాల్సిన పని లేకపోయింది. ఉగాదికి దొంగతనం మోపి పోలీసులు పక్కఊరి మనిషిని నడిపించుకుపోయినప్పుడు అలాంటిదే చూసింది. అయినా అడిగింది. "అదేందమ్మా?"

"బేడీ," అనింది లక్ష్మీదేవమ్మ. కుంచె పక్కన పెట్టేసింది.

ఇద్దరూ అక్కడే కూర్చుండిపోయినారు. షామియానా కింద పిల్లోళ్ళు అరుస్తున్నారు, మైకులో ఎవరో ఎవరిదో పేరు పిలుస్తున్నారు. మారెక్క చేయి చాచి ఆ ఇనుముని ముట్టుకోబోయి, వెనక్కి తీసుకుంది.

పొద్దు గూకేవేళకు ఇంటికి పోయి అత్త మంచం పక్కన కూలబడింది. జరిగింది చెప్పింది. పెద్దక్క కండ్లు పైకెత్తి, ఏమీ కనిపించని కప్పు వైపు చూస్తూ వినింది. ఆశ్చర్యపోలేదు. 

"నీకు తెలుసా అత్తా?"

"బేడీ సంగతి తెలీదు." ముసలామె నోరు చప్పరించింది. "ఏడ్సిందని తెలుసు. మా అత్త చెప్పింది. రాళ్ళు పెట్టేసినాక కూడా దినాల తరబడి గోడలోనించి ఏడుపు వినపడిందంట. నీళ్ళు అడిగిందంట. ఎవురూ పోలేదంట, పాలెగాని మనుషులు కాపలా ఉన్యారు. వాడలోళ్ళు చెవులు మూసుకుని పండుకున్యారంట."

"మరి నవ్వుతా అని..."

"అట్ల చెప్తేనే నీళ్ళు. మా అత్త అదే చెప్పింది నాకు. ఆమెకు ఆమె అత్త చెప్పింది. ఏడ్సిందంటే పాలెగాడు సంపినోడు అవుతాడు. నవ్విందంటే పుణ్యాత్ముడు అవుతాడు. ఆ పున్నెం పేరు మీదనే నీళ్ళు ఇస్తాండారు మనకు." ఆమె చేయి తడుముకుంటూ వచ్చి మారెక్క మోకాలిని పట్టుకుంది. "నేను పోయేముందు నీకు చెప్దామనుకుంటి. ఇప్పుడు తెలిసిపాయె. నోరు మూసుకో. వాడలో ఇన్ని కొంపలుండాయి. సిన్నపిల్లోళ్ళుండారు."

"మూసుకుంటాలే అత్తా," అనింది మారెక్క. అనేటప్పుడు ఆ మాట నిజమే.

మూడో దినం ముగింపు. మడకశిర నుంచి అధికారి ఒకాయన జీపులో వచ్చినాడు. షామియానా ముందు బల్ల మీద తెల్లగుడ్డ పరిచి, ఎముకలూ గాజుముక్కలూ ఇనుమూ వరసగా పెట్టినారు. ఒక్కొక్కదాని ముందూ చిన్న అట్టముక్క, దాని మీద రాత. జనం వరస కట్టి చూసిపోతున్నారు. చదువురానివాళ్ళకు గంగాధరప్ప చదివి వినిపిస్తున్నాడు. వరసలో మారెక్క వంతు వచ్చింది.

"పచ్చగాజు ముక్కలు," చదివినాడు ఆయన. "కుడిచేతి ఎముక." ఇనుము దగ్గరికొచ్చి, ఆమె మొహం చూడకుండా, "కాలి కడియం," అన్నాడు.

మారెక్క కదలకుండా నిలబడింది. వెనక ఎవరో "జరుగు" అన్నారు. ఆమె నేరుగా మేడం దగ్గరికి పోయింది.

"బేడీ అంటివి గదమ్మా."

లక్ష్మీదేవమ్మ కండ్ల కింద నల్లగా ఉంది. రాత్రి నిద్రపోయినట్లు లేదు. "అదే రాసినాను మారెక్కా. పొద్దున వచ్చేసరికి అట్ట మారింది. నేను అడిగితే శ్రీరంగప్పగారు... ఈ చుట్టుపక్కల ఇంకా రెండు కోటల్లో పిల్లలకు నేర్పించాలి, ఆయన సాయం లేకుంటే జరగదు. నేను పుస్తకంలో సరిగ్గా రాస్తాను. తప్పకుండా రాస్తాను."

ఆమె అబద్ధం చెబుతున్నట్లు లేదు. పుస్తకంలో రాస్తుంది కాబోలు. వాడలో పుస్తకం చదివేవాళ్ళు ఎవరూ లేరు. మారెక్కకు ఆమె మీద కోపం కూడా రాలేదు, జాలి వేసింది.

శ్రీరంగప్ప మైకు పట్టుకున్నాడు. మంచి మాటకారి. "మా పూర్వీకులు కట్టించిన ఈ కోటకు కదిరమ్మ ప్రాణం పోసింది. బలవంతం లేదు. జులుం లేదు. నవ్వుతా ఇచ్చింది. ఆ కాలంలో పెద్దాచిన్నా అంత ప్రేమగా ఉన్యారు. ఆ తల్లి కాలి కడియం కూడా మనకు దొరికింది. ఆ కథ కదిరమ్మ ఇంటి కోడలు మన దొరవారికి చెప్తాది. ఏమే మారీ, రా, చెప్పు."

ఆమెకు ఈసారి కుర్చీ వేయలేదు. నిలబడి మైకు అందుకుంది. జనంలో వాడ ఆడవాళ్ళు ఒక పక్కన కూర్చుని ఉన్నారు. ముందర హనుమక్క, ఒళ్ళో మనవరాలు. మారెక్క మొదలుపెట్టింది. బురుజు కూలిందని చెప్పింది. పాలెగాడి కల చెప్పింది. తలకు పోసినారని చెప్పింది. పచ్చగాజులు తొడిగినారని చెప్పింది. తొడుక్కుంది అని కాకుండా తొడిగినారు అని నోట వచ్చినప్పుడే ఆమెకు తెలిసిపోయింది తన నోరు తన మాట వినదని.

"కదిరమ్మ..." అని ఆగిపోయింది. మైకు కుయ్యిమంది. బల్ల మీద ఎండ పడి ఇనుము ఎర్రగా కనబడుతోంది.

"నవ్వలేదప్పా," అనింది. "ఏడ్సింది. కాళ్ళకు బేడీ ఏసి నిలబెట్టినారు. ఆ బల్ల మీద ఉండేది కడియం గాదు. కడియమైతే రెండు కాళ్ళకూ కలిపి కడ్డీ ఉంటాదా? పోయి చూడండి. లోపలినించి నీళ్ళు అడిగింది. ఎవురూ పోలేదు. మా వాడోళ్ళు కూడా పోలేదు. బయపడినారు." ఆమె బల్ల వైపు చూసింది. "కొత్తగా కాపురానికొచ్చిన పిల్ల. ఎంత ఏడ్సిందో."

మైకు కింద పెట్టింది. చప్పట్లు లేవు. ఎక్కడో ఒక పసిబిడ్డ గుక్కపట్టింది. అధికారి గడియారం చూసుకున్నాడు. శ్రీరంగప్ప మొహంలో ఏమీ కనిపించలేదు. తాపీగా మైకు తీసుకుని, బొమ్మల పోటీలో గెలిచిన పిల్లల పేర్లు చదివినాడు.

గుట్ట దిగిపోయేటప్పుడు హనుమక్క ఆమె వైపు చూసిన చూపును మారెక్క చాన్నాళ్ళు మర్చిపోలేదు. "ఎంత పని చేస్తివే," అనింది హనుమక్క, పైకి వినపడకుండా పెదవులతోనే.

మరుసటి పొద్దున, ఎప్పటిలాగే వేగుచుక్క ఉండగా వాడ ఆడవాళ్ళు కడవలెత్తుకుని గుట్ట ఎక్కినారు. దొన కాడ ఊరి ఆడవాళ్ళు అప్పటికే నీళ్ళు తోడుతున్నారు. ఒక బండ మీద శ్రీరంగప్ప కంబళి కప్పుకుని కూర్చుని ఉన్నాడు. వక్క నములుతూ చాలా నిమ్మళంగా మాట్లాడినాడు.

"మిమ్మల్ని ఎవురూ వద్దనలేదు. నీళ్ళు అందరివీ. మీరు అందరి తర్వాత కడాకు రండి, అంతే."

"మొదటి కడవ మాది సామీ," అనింది మారెక్క. "కదిరమ్మకు ఇచ్చిన మాట."

"అదే చెప్తాండా. ఇచ్చినోళ్ళకు బదులు ఇస్తారు. ఆమె ఇచ్చిందని మా పెద్దోళ్ళు మీకు నీళ్ళిచ్చినారు. ఇయ్యలేదు, గుంజుకున్యారని నువ్వే మైకులో చెప్పితివి గదా, ఊరంతా వినింది. గుంజుకున్యేదానికి బదులు యాడుంటాదే?" కంబళి సర్దుకుని లేచినాడు. "నువ్వు చెప్పినట్లే కానీ. నేను నీ మాట కాదంటినా?"

మారెక్క కడవతో వెనక్కి జరిగి వరస చివరన నిలబడింది. 

లక్ష్మీదేవమ్మ జీపు పోయేముందు మారెక్క దానికి అడ్డంగా నిలబడింది. ఎముకల్ని చెక్కపెట్టెలో దూది పెట్టి సర్దినారు. "ఆమెను మాకు ఇచ్చేయండమ్మా. మట్టిలో పెట్టుకుంటాం. ఇన్నాళ్ళకైనా పండుకుంటాది."

"పరీక్ష చేయించి తెచ్చిస్తాను మారెక్కా. నా మాట." మేడం ఆమె చేతులు పట్టుకుని ఏడ్చింది. నీళ్ళ సంగతి విని మడకశిరలో పెద్దాఫీసు మెట్లెక్కింది, ఆ తర్వాత అనంతపురం పోయింది. ఆమె చలవతోనే ఒక అధికారి గుట్ట ఎక్కి వచ్చి, దొన ఏ ఒక్కరిదీ కాదు, అందరూ సమానమే, ఎవరినీ ఆపకూడదు అని ఊరందరి ముందూ చెప్పిపోయినాడు. ఎవరినీ ఎవరూ ఆపలేదు. ఊరి కడవలు నిండేసరికి పొద్దు నెత్తికెక్కేది. వాడవాళ్ళ వంతుకు అడుగున మడ్డి మిగిలేది. టెంకాయచిప్పలతో గీకి, చీరకొంగులో వడగట్టి, దాన్నే ఇంటికి తెచ్చుకునేవాళ్ళు.

వాడలో మారెక్కతో మాటలు నిలిచిపోయినాయి. తిట్టినవాళ్ళు కొందరు, తిట్టకుండా మొహం తిప్పుకున్నవాళ్ళు ఎక్కువ. నాగప్ప ఆమెను ఏమీ అనలేదు. కొట్టుంటే బాగుండేదని ఆమెకు అనిపించేది. ఒక సాయంత్రం మాత్రం గోడకు ఆనుకుని, "నువ్వు చెప్పింది అబద్ధం గాదు," అన్నాడు. "నిజం చెప్పేకి మనకు తాహతు ల్యా," అన్నాడు.

ఎండలు ముదిరినాక వాంతులూ భేదులూ మొదలైనాయి. ఆ మడ్డినీళ్ళ వల్లేనని మడకశిర ఆసుపత్రిలో చెప్పినారు, కాచి తాగమన్నారు. కాచేకి కట్టెలు కొట్టాలన్నా గుట్ట మీద చెట్టు లేదు. మొదట హనుమక్క మనవరాలు పోయింది. నాలుగేండ్ల పిల్ల. తర్వాత పెద్దక్క పడింది. ముసలామె గుడ్డపీలిక మాదిరి అయిపోయి, ఎండిన నాలుక బయటపెట్టి, "నీళ్ళు, అమ్మీ, నీళ్ళు," అనేది. మారెక్క గుడ్డ తడిపి పెదాల మీద పిండుతుంటే, ఆ నోట్లోంచి వస్తున్నది ఎవరి గొంతో ఆమెకు తెలియకుండా పోయేది. గోడలోంచి వచ్చిన ఏడుపు ఇట్లే ఉండి ఉంటుందనిపించేది. పెద్దక్క పోయిన పొద్దున వాడలో ఎవరూ వాకిట్లోకి రాలేదు. నాగప్ప, అతని తమ్ముడు, ఇంకా ఇద్దరు కలిసి మోసినారు. హనుమక్క మాత్రం తన గుడిసె గుమ్మంలో నిలబడి, పాడె కనబడకుండా పోయేదాకా చూసింది.

ఆ యేడు కూడా వాన అంతంతమాత్రమే. నవంబరులో కోటపండగ మళ్ళీ పెట్టినారు. ఈసారి ఇంకా పెద్దగా, రెండు మైకులతో. లక్ష్మీదేవమ్మ రాలేదు. ఆమెను శ్రీకాకుళం వైపు బదిలీ చేసినారని అయివారు చెప్పినాడు. పెట్టె సంగతి అడిగితే, "ఏదో గోడౌనులో ఉంటాది మారెక్కా, జాగ్రత్తగానే ఉంటాది," అన్నాడు. ఆమె బదులు కాలేజీ నుంచి వచ్చిన కుర్రాయన బురుజు చూపిస్తూ కదిరమ్మ పేరు పుస్తకాల్లో రాసుకోమని పిల్లలకు చెబుతున్నాడు.

మధ్యాన్నం మైకులో పేరు పిలిచినారు. వాడ ఆడవాళ్ళలోంచి హనుమక్క లేచి నిలబడింది. ఆమె తనంతట తానే పెద్దింటికి పోయి, కథ నేను చెప్తానని అడిగిందని మారెక్కకు అప్పుడు తెలిసింది. జనం చివర్లో, కూలిన గోడ నీడన నిలబడి వినింది. హనుమక్కకు గొంతు లేదు, మధ్యమధ్య దగ్గింది, మాటలు తడుముకుంది. అయినా ఎక్కడా తప్పలేదు. "నవ్వుతా పోయింది. నవ్వుతా పోయి నిలబడింది," అని రెండుసార్లు చెప్పింది. శ్రీరంగప్ప తల ఊపుతూ విన్నాడు. జనం చప్పట్లు కొట్టినారు.

మరుసటి దినం నుంచి మొదటి కడవ మళ్ళీ వాడది.

ఆ పొద్దున మారెక్క గుట్ట ఎక్కలేదు. ఏ మొహం పెట్టుకుని ఎక్కాలో తెలియలేదు. ఎండ వాకిట్లోకి వచ్చినాక హనుమక్క నిండుకడవతో లోపలికి వచ్చి, దాన్ని మూలన దింపి, గోడకు ఆనుకుని కింద కూర్చుంది. యేడాదిగా ఆ ఇంట్లోకి ఎవరూ రాలేదు. చాపయినా వేయాలని మారెక్కకు తోచలేదు.

"కోపమా మారెక్కా?" అనింది హనుమక్క.

"ల్యా."

"నా మనవరాలు బతికుంటే పెద్దింటికి పోయి అడిగేదాన్ని గాదు. పోయినాక అడిగితి, చూడు. ఇంకా చిన్నపిల్లోళ్ళుండారు గదా వాడలో." ఆమె అరచేతులు రెండూ చూసుకుంది. "నువ్వు చెప్పిందే నిజమని నాకు తెలుసు. అందరికీ తెలుసు. "

 హనుమక్క కొంగు దులుపుకుని లేచి వెళ్ళిపోయింది.

నాగప్ప చెంబు ముంచి ముందు తాను తాగినాడు. గడగడా, కింద చుక్క పడకుండా తాగి, మళ్ళీ ముంచి ఆమె ముందు పెట్టి బయటికి పోయినాడు. మారెక్క చాలాసేపు ఆ చెంబును చూస్తూ కూర్చుంది. నీళ్ళు తేటగా ఉన్నాయి, అడుగున రాగి కనబడుతోంది. తాగకూడదనే అనుకుంది. గొంతు ఎండిపోయి ఉంది. చెంబు ఎత్తి తాగింది. నీళ్ళు చల్లగా ఉన్నాయి, ఎన్నాళ్ళో తాగనంత చల్లగా. ఆపలేక ఇంకో చెంబు ముంచుకుంది.